కంప్యూటర్‌లో లీటరు నీళ్లు, సవాలక్ష సంగతులు

నిమిషానికి ఒక లీటరు చొప్పున పారే నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కాయంటే, అవి దాదాపు 70 వాట్ల వేడిని మోసుకుపోతున్నట్టు లెక్క. అదే పని గాలితో చేయించాలంటే ఘనపరిమాణంలో సుమారు 3,500 రెట్ల గాలి కావాలి. గేమింగ్‌కో, వీడియో ఎడిటింగ్‌కో ఇంట్లో గట్టి కంప్యూటర్ కట్టుకునేవాళ్లు నీళ్ల వైపు మొగ్గడానికి మూలం ఈ లెక్కే. ప్రాసెసర్ మీద రాగి బ్లాకు, అక్కణ్నుంచి ట్యూబు, రేడియేటర్, రిజర్వాయర్, పంపు, మళ్లీ బ్లాకు. ఈ చుట్టు మొత్తాన్నీ ‘లూప్’ అంటారు. దాన్ని ఎలా కట్టాలో చెప్పేవాళ్లు ఊరికొకరు దొరుకుతారు. ఎలా కడగాలో చెప్పేవాళ్లే కరువు. నిజానికి లూపులో చేరే మురికి బయటినుంచి వచ్చేది కొంచెమే. ట్యూబు, లోహం, రంగు, రబ్బరు... లోపలున్న వస్తువులే నీళ్లలోకి ఏదో ఒకటి వదులుతుంటాయి. ఏది ఏం వదులుతుందో తెలిస్తే కడగడం సగం వచ్చేసినట్టే.

ముందూ వెనకా లేదు

నీళ్లు ముందు ప్రాసెసర్‌కి వెళ్లాలా, గ్రాఫిక్స్ కార్డుకా అని కొత్తవాళ్లు తెగ మథనపడతారు. రెండూ కలిసి 500 వాట్లు కక్కుతున్నాయనుకుందాం. నిమిషానికి 4 లీటర్లు పారుతుంటే చుట్టు మొత్తంలో నీళ్ల వేడి రెండు డిగ్రీలు కూడా మారదు. ఎటునుంచి ఎటు పోయినా ఒకటే. ఈ లెక్కకి ఇంకో ఉపయోగం ఉంది. ఎక్కడో మురికి అడ్డుపడి పారకం నిమిషానికి లీటరుకు పడిపోతే అదే తేడా ఏడు డిగ్రీలు దాటుతుంది. అందుకే ఫ్లో మీటరు పెట్టుకోవడం సోకు కిందికి రాదు. మూత విప్పకుండానే లోపలి సంగతి చెప్పే పరికరం అది.

వెంట్రుకంత సందులు

1981లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలో డేవిడ్ టకర్‌మన్, ఫాబియన్ పీస్ అనే ఇద్దరు సిలికాన్ ముక్క వెనక వైపు 50 మైక్రాన్ల వెడల్పు, 300 మైక్రాన్ల లోతు ఉన్న సన్నటి కాలువలు చెక్కి, వాటిలో నీళ్లు పారించారు. తల వెంట్రుక మందం కన్నా సన్నటి కాలువలవి. చదరపు సెంటీమీటరుకు 790 వాట్ల వేడిని అవి లాగేశాయి. ఇస్త్రీపెట్టె అంతా కలిసి పుట్టించే వేడిలో పెద్ద భాగం గోరంత జాగాలోంచి పోయిందన్నమాట. ఇవాళ మార్కెట్లో దొరికే ప్రతి వాటర్ బ్లాకు అడుగునా ఉండేది ఆ ఆలోచనే. రాగి పలకలో దువ్వెన పళ్లలా నిలబడ్డ సన్నటి రెక్కలు, వాటి మధ్య అర మిల్లీమీటరు కూడా లేని సందులు.

వేడి లాగడానికి ఏ సందులైతే పనికొచ్చాయో, మురికిని వడగట్టడానికీ అవే పనికొస్తాయి. లూపులో తిరిగే ప్రతి నలకా చివరికి వచ్చి ఆగేది ఇక్కడే. ఏడాది రెండేళ్లు నడిచిన బ్లాకు మూత తీసి, టార్చి లైటు ఏటవాలుగా వేసి చూడండి. మధ్యలో, సరిగ్గా నీళ్లు పైనుంచి దూకే గాడి వెంబడి, తెల్లగానో లేత పసుపుగానో తెట్టు కట్టి ఉంటుంది. వేలితో తాకితే జిడ్డు. గోరుతో గీస్తే మైనంలా లేస్తుంది. నాచు పట్టిందని చాలామంది పొరపడతారు. సాధారణంగా అది మెత్తటి పీవీసీ ట్యూబులోంచి ఊరిన ప్లాస్టిసైజర్.

పీవీసీ పుట్టుకతో గట్టి సరుకు. ఇళ్లలో నీళ్ల పైపులు చూస్తున్నాంగా. 1926 ప్రాంతంలో అమెరికాలో గుడ్‌రిచ్ కంపెనీలో పనిచేస్తున్న వాల్డో సీమన్ దాన్ని కొన్ని ద్రావకాలతో కలిపి వేడిచేసి, రబ్బరులా వంగే పదార్థంగా మార్చాడు. వంగే గుణం తెచ్చిపెట్టే ఆ నూనెలాంటి రసాయనాలు మెత్తటి ట్యూబు బరువులో మూడో వంతు వరకు కూడా ఉంటాయి. అవి ప్లాస్టిక్‌తో గట్టిగా ముడిపడి ఉండవు. వెచ్చటి నీళ్లు నెలల తరబడి రాసుకుంటూ పోతుంటే కొద్దికొద్దిగా బయటికి వచ్చేస్తాయి. ట్యూబు మసకబారి, లోపలి గోడ పాలరంగుకి తిరిగిందంటే ఈ పని మొదలైందనే అర్థం. పారదర్శకంగా మిలమిలలాడే మెత్తటి ట్యూబు కన్నా, చూడ్డానికి ఏ ఆకర్షణా లేని నల్లటి ఈపీడీఎం రబ్బరు ట్యూబుకే నా ఓటు. దాన్నుంచి ఈ జిడ్డు రాదు, వెలుతురూ లోపలికి పోదు. గట్టి గొట్టాల్లో వాడే అక్రిలిక్, పీఈటీజీ రకాల్లో కూడా ఈ ప్లాస్టిసైజర్ బెడద లేదు.

కెచప్, చింతపండు, నిమ్మ ఉప్పు

రాగి బ్లాకు నల్లబడితే అమెరికాలో కొందరు టమాటా కెచప్ పూసి కాసేపు ఉంచుతారు. కెచప్‌లో వినిగర్, ఉప్పు రెండూ ఉంటాయి. ఆమ్లం రాగి ఆక్సైడును కరిగిస్తుంది, ఉప్పు ఆ పనిని తొందరపెడుతుంది. మన ఇళ్లలో రాగి చెంబుల్నీ ఇత్తడి బిందెల్నీ చింతపండూ ఉప్పూ వేసి తోమడం వెనక ఉన్నదీ ఇదే రసాయనం. చింతపండులో ఉండేది టార్టారిక్ ఆమ్లం. బ్లాకు పైభాగానికి చింతపండు భేషుగ్గా పనిచేస్తుంది. సందుల దగ్గరికి మాత్రం తీసుకెళ్లొద్దు. పీచు ఒక్కటి ఇరుక్కున్నా, ఏ మురికి తీయాలని కూర్చున్నామో దానికి తోడు ఇంకొకటి చేర్చినట్టవుతుంది.

సందులకు నిమ్మ ఉప్పు మేలు. కిరాణా కొట్లో దొరికే సిట్రిక్ ఆమ్లమే అది. గోరువెచ్చటి నీళ్లలో ఒక చెంచా పూర్తిగా కరిగించి, అందులో కొద్ది నిమిషాలు రాగి పలకను ఉంచితే నల్లదనం విడిచి లేత గులాబీ రంగు తేలుతుంది. జిడ్డు తెట్టుకి ఆమ్లంతో పనిలేదు. గిన్నెలు తోమే లిక్విడ్ రెండు చుక్కలు, మెత్తటి టూత్‌బ్రష్షు చాలు. బ్రష్షు రెక్కల పొడవునే నడవాలి. అడ్డంగా తోమితే రెక్కలు వంగి సందులు మూసుకుపోతాయి. ఆఖర్న డిస్టిల్డ్ వాటర్‌తో రెండు మూడు సార్లు జాడించాలి. కుళాయి నీళ్లతో జాడించి అలాగే ఆరబెడితే ఆ నీళ్లలోని ఉప్పులు సందుల్లోనే మిగిలిపోతాయి.

నికెల్ పూత ఉన్న బ్లాకులకు ఈ ఆమ్లాలేవీ వద్దు. రాగి బ్లాకు మీద తెల్లగా వెండిలా మెరిసేది సాధారణంగా నికెలే. ఆ పూత మైక్రాన్లలో ఉంటుంది. వినిగర్‌లో నానబెడితే పూత లేచి, కింది రాగి మచ్చలు మచ్చలుగా బయటపడుతుంది. సబ్బు నీళ్లు తప్ప దానికి ఏదీ వాడకండి.

ఇంకొక మాట. రాగి కేవలం నల్లబడి ఉంటే దాని కోసం లూపు విప్పాల్సిన పని లేదు. ఆ పొర ఎంత పలచనంటే ఉష్ణోగ్రతల మీద దాని ప్రభావం కనిపించదు. పచ్చటి చిలుము పొడిలా రాలుతుంటే అప్పుడు పట్టించుకోవాలి. నీళ్లలో ఆమ్ల గుణం పెరిగిందనడానికి గుర్తు అది.

కప్ప కాలు, ఓడ మేకులు

1761లో బ్రిటిష్ నౌకాదళం అలార్మ్ అనే యుద్ధనౌక అడుగు భాగానికి రాగి రేకులు తొడిగింది. చెక్కను తొలిచే పురుగుల నుంచి కాపాడటానికి. రెండేళ్ల తర్వాత పరీక్షిస్తే రేకులు బాగానే ఉన్నాయి గానీ, వాటిని పట్టి ఉంచిన ఇనుప మేకులు చాలాచోట్ల తినేసినట్టు అయిపోయాయి. కొన్ని మేకులు మాత్రం చెక్కుచెదరలేదు. రేకులు చుట్టివచ్చిన ఖాకీ కాగితం తీయకుండా అలాగే కొట్టేసిన చోట్లవి. కాగితం అడ్డుండటంతో రాగీ ఇనుమూ ఒకదాన్నొకటి తాకలేదు. కారణం అప్పటికి ఎవరికీ తెలియదు. ఇటలీలో గాల్వానీ రెండు లోహాలతో కప్ప కాలును తాకించి అది ఎగరడం చూసింది, ఓల్టా 1800లో బ్యాటరీ చేసి చూపింది ఆ తర్వాతి మాట.

రెండు వేర్వేరు లోహాలు, వాటి మధ్య విద్యుత్తును కాస్తయినా పోనిచ్చే నీళ్లు. ఇవి చేరితే బ్యాటరీ తయారైనట్టే, రెంటిలో బలహీనమైన లోహం కరిగిపోవాల్సిందే. రాగి ప్రమాణ విద్యుత్ పీడనం ప్లస్ 0.34 వోల్టులు, అల్యూమినియంది మైనస్ 1.66. రెండు వోల్టుల తేడా. అందుకే రాగి బ్లాకులున్న లూపులో చవగ్గా వచ్చిందని అల్యూమినియం రేడియేటర్ తగిలించకూడదు. నెలల్లోనే తెల్లటి బంకలాంటి అల్యూమినియం హైడ్రాక్సైడ్ నీళ్లలో తేలుతుంది, ఆ తర్వాత రేడియేటర్‌కి చిల్లు పడే ప్రమాదం. ఫిట్టింగులు కొనేటప్పుడు కూడా ఇత్తడివేనా కాదా అని అడిగి మరీ కొనాలి. బరువు చూసినా తెలిసిపోతుంది. ఇత్తడి సాంద్రత అల్యూమినియంకి మూడు రెట్లు.

మరి కొట్లో సీలు వేసి అమ్మే ఏఐఓ కూలర్ల సంగతి? వాటిలో చాలావాటికి అడుగున రాగి, రేడియేటర్ అల్యూమినియమే. తుప్పును ఆపే రసాయనాలు కలిపిన ద్రవం గాలి చొరకుండా నింపి మూసేస్తారు కాబట్టి ఏళ్లపాటు ఆ రెండూ సర్దుకుపోతాయి. అలాంటి కూలర్‌ని విప్పి, పాత ద్రవం పారబోసి, ఉత్త డిస్టిల్డ్ వాటర్ నింపితే ఆ రక్షణ మొత్తం ఆ నీళ్లతోనే పోతుంది.

ఏ నీళ్లు పోయాలి?

ఈ ప్రశ్నకి మన ఊళ్లలో వచ్చే జవాబులు మూడు: బోరు నీళ్లు కాకపోతే చాలు, ఆర్వో నీళ్లు పోసెయ్, ఏసీ నుంచి కారే నీళ్లు పట్టు. మూడూ సరైనవి కావు.

మన దేశపు తాగునీటి ప్రమాణం ఐఎస్ 10500 ప్రకారం నీటి కాఠిన్యం లీటరుకు 200 మిల్లీగ్రాముల లోపు ఉంటే మంచిది, వేరే దారి లేకపోతే 600 దాకా ఒప్పుకోవచ్చు. తెలంగాణలోనూ రాయలసీమలోనూ చాలా బోర్ల నీళ్లకు సబ్బు నురగ రాదు, గీజర్ కాయిల్ మీద సున్నం పెచ్చులు కడుతుంది. అయితే ఇక్కడ న్యాయంగా ఒక మాట చెప్పాలి. గీజర్లోకి రోజూ కొత్త నీళ్లు, వాటితో కొత్త సున్నం వస్తుంది. లూపులో ఒకసారి పోసిన లీటరు నీళ్లే తిరుగుతాయి. 400 మిల్లీగ్రాములున్న నీళ్లు పోస్తే మహా అయితే ఆ 400 మిల్లీగ్రాములే పేరుకుంటాయి. గీజర్ తరహాలో పెచ్చులు కట్టదు. అసలు భయం సున్నం కన్నా ఆ నీళ్లలో ఉండే క్లోరైడుది. అది లోహాల మీది రక్షణ పొరను ఛేదించి, సూది మొనంత గుంటలు తవ్వుతుంది. పైగా అలాంటి నీళ్లు విద్యుత్తును బాగా ప్రసరింపజేస్తాయి కాబట్టి పైన చెప్పుకున్న ఓడ మేకుల కథ వేగం పుంజుకుంటుంది.

ఇంటి ఆర్వో యంత్రాలు చాలావాటిలో రుచి కోసం కొన్ని ఖనిజాలు మళ్లీ కలుపుతారు. టీడీఎస్ మీటరు ముంచితే పదుల్లో చూపిస్తుంది. మంచి డిస్టిల్డ్ వాటర్‌లో అది సున్నా, ఒకటి, మహా అయితే రెండు. ఏసీ నీళ్లు పుట్టుకతో మంచివే, ఆవిరి చల్లబడి వచ్చినవి కదా. కానీ కాయిల్ మీది దుమ్మును, సూక్ష్మజీవుల్ని కడుక్కుంటూ దిగివస్తాయి. ఇన్వర్టర్ బ్యాటరీ కోసం అమ్మే నీళ్ల డబ్బా కొని, టీడీఎస్ మీటరుతో ఒకసారి చూసుకుని వాడటం మన దగ్గర అన్నిటికన్నా తేలిక మార్గం. ఆ మీటరు నిజానికి కొలిచేది విద్యుత్ వాహకతనే కాబట్టి మన అవసరానికి అచ్చంగా సరిపోతుంది.

ఎంత స్వచ్ఛమైన నీళ్లయినా గాలి తగిలితే కార్బన్ డయాక్సైడ్‌ని పీల్చుకుని స్వల్పంగా ఆమ్ల గుణానికి మారతాయి. పీహెచ్ 5.6 దగ్గరికి దిగుతుంది. ఉత్త నీళ్లు పోసి వదిలేయకుండా తుప్పును ఆపే మందు కలిపిన కూలెంటు వాడమనేది ఇందుకే.

‘డిస్టిల్డ్ వాటర్ కారినా ఏం కాదు, కరెంటు పాకదు’ అన్న ధీమా కూడా వద్దు. పరమ శుద్ధమైన నీళ్లు విద్యుత్తును దాదాపు పోనివ్వవన్నది నిజమే. రాగి, ఇత్తడి, నికెల్ మధ్య కొన్నాళ్లు తిరిగాక అవి శుద్ధమైన నీళ్లు కావు. మదర్‌బోర్డు మీది దుమ్ము కరిగితే ఇంకా కావు.

పాకుడు

నాచుకి వెలుతురు కావాలి. పారదర్శకమైన రిజర్వాయర్, దాని పక్కన కిటికీ ఉంటే దానికి కావలసినవన్నీ ఉన్నట్టే. వెలుతురు లేకపోయినా బాక్టీరియా పొర కడుతుంది. రిజర్వాయర్ లోపలి గోడ వేలికి జారితే అది పాకుడు.

రాగికి సూక్ష్మజీవుల్ని చంపే గుణం ఉందన్న మాట ప్రయోగశాలల్లో తేలిందే. 2008లో అమెరికా పర్యావరణ సంస్థ రాగి మిశ్రమాల్ని సూక్ష్మజీవుల్ని చంపే ఉపరితలాలుగా నమోదు చేసుకుంది. వెండి సంగతీ అంతే. వెండి, రాగి లాంటి లోహాలు అతి కొద్ది మోతాదులోనే ఆల్గేను చంపుతాయన్న నేగెలీ అనే శాస్త్రవేత్త పరిశీలనలు 1893లో అచ్చయ్యాయి. ఒకప్పుడు లూపుల్లో వెండి తీగ చుట్ట వేసేవాళ్లు. వెండి ప్రమాణ పీడనం ప్లస్ 0.80 వోల్టులు, అంటే నికెల్‌కీ దానికీ వోల్టు పైగా తేడా. నికెల్ పూత బ్లాకులు వచ్చాక తయారీదారులే వెండి వద్దన్నారు. ఇవాళ మంచి కూలెంట్లలో సూక్ష్మజీవుల మందు ముందే కలిపి వస్తుంది. దాని మీద ఇంకోటి కలపకండి. రెండు మందులు కలిస్తే తెల్లగా విరిగిపోయే అవకాశం ఉంది.

షికాగో నది ఆకుపచ్చ రంగు

కూలెంట్లలో నియాన్ ఆకుపచ్చగా మెరిసే రంగుల్లో పాతది ఫ్లోరెసీన్. 1871లో జర్మన్ రసాయనవేత్త అడాల్ఫ్ ఫాన్ బేయర్ తయారుచేశాడు. ప్లంబర్లు దాన్ని పైపుల్లో పోసి లీకు ఎక్కడుందో పట్టుకునేవాళ్లు. 1962లో షికాగో నదిని సెయింట్ పాట్రిక్ పండుగకి పచ్చగా మార్చిందీ ప్లంబర్లు వాడే ఆ రంగుతోనే. కార్ల రేడియేటర్ ద్రవంలోనూ అది కలుపుతారు, కారితే అతినీలలోహిత దీపం కింద మెరిసి చోటు చెబుతుందని.

కంప్యూటర్‌లో ఈ గుణం అక్కరకొస్తుంది గానీ రంగులన్నీ కాలంతో విరుగుతాయి. ఇంకా చిక్కు తెచ్చేవి పాలలా చిక్కగా కనిపించే కూలెంట్లు. వాటిలో తేలే అతి సన్నటి రేణువులు పంపు ఆగినప్పుడు దిగబడి, బ్లాకు సందుల్లో మడ్డి కడతాయి. ముత్యాల మెరుపుతో సుడులు తిరిగే రకాలైతే ప్రదర్శనలకూ ఫొటోలకూ తయారుచేసినవి. రోజూ నడిచే ఇంటి కంప్యూటర్‌లో పోస్తే నెలలు తిరక్కముందే శుభ్రం చేసే పని పడుతుంది. రంగు కావాలనుకునేవాళ్లు రంగులేని కూలెంటు పోసి, దీపాలు రంగువి పెట్టుకోవచ్చు.

ఒంటి బంతి మీద తిరిగే పంపు

లూపుల్లో ఎక్కువగా కనిపించే డీ5 పంపుకి ఇరుసు లేదు. జర్మన్ లాయింగ్ కుటుంబం ఆలోచన అది. గిన్నెలాంటి స్టీలు గోడకి అవతల వైపు కాయిళ్లు, ఇవతల నీళ్లలో ఒక చిన్న సిరామిక్ బంతి, దాని మీద కూర్చున్న రోటరు. అయస్కాంత క్షేత్రం గోడ దాటి వచ్చి దాన్ని తిప్పుతుంది. నిమిషానికి 4,800 చుట్ల వరకు. కాబట్టి నీళ్లు కారడానికి సీలే లేదు, కందెన కూడా నీళ్లే. నీళ్లు లేకుండా కొద్దిసేపు తిప్పినా ఆ బంతి, దాని గుంట అరిగిపోతాయి. నింపేటప్పుడు రిజర్వాయర్ నిండుగా పోసి, పంపుని కొన్ని క్షణాలు నడిపి, ఆపి, మళ్లీ పోసి నడపాలి.

శుభ్రం చేయడానికి దీనంత తేలికైన పంపు లేదు. పై మూత విప్పి, రోటరును వేళ్లతో పైకి లాగితే ఊడి వస్తుంది. అయస్కాంతం పట్టు వల్ల కాస్త బిగువుగా ఉంటుంది, అంతే. గుంటలో చేరిన మడ్డిని దూది పుల్లతో తుడిచి మళ్లీ కూర్చోబెట్టాలి.

అరంగుళం దాటిన పావు అంగుళం

ఫిట్టింగులన్నిటికీ ఉండే మరని జీ 1/4 అంటారు. స్కేలు పెట్టి కొలిస్తే దాని వ్యాసం 13.157 మిల్లీమీటర్లు, అంటే అరంగుళం కన్నా ఎక్కువ. పావు అంగుళం అన్నది మర వెడల్పు కాదు, ఒకప్పటి పైపు లోపలి బోలు కొలత. ఈ మర ఆకారం 1841లో జోసెఫ్ విట్‌వర్త్ ఇంగ్లండులో కుదిర్చిన 55 డిగ్రీల కోణానిది. మన స్నానాల గదిలో అరంగుళం కుళాయి మర కూడా ఆ కుటుంబంలోదే.

కుళాయికి వాడినట్టు దీనికి టెఫ్లాన్ టేపు చుట్టడం మాత్రం తగదు. ఇక్కడ నీళ్లు ఆపేది మర కాదు, దాని మెడలో ఉన్న ఓ-రింగ్. ఓ-రింగ్‌కి 1937లో అమెరికాలో పేటెంటు కోరింది డెన్మార్క్‌లో పుట్టిన నీల్స్ క్రిస్టెన్సెన్, అప్పటికి ఆయన వయసు 72 ఏళ్లు. రబ్బరు ఉంగరం కొద్దిగా నలిగితే చాలు, పట్టేస్తుంది. వేళ్లతో బిగించి ఆపాలి. స్పానరు పెడితే ఓ-రింగ్ చిట్లడమో, అక్రిలిక్ మూతకి పగులు రావడమో ఖాయం. విప్పినప్పుడల్లా ఓ-రింగ్‌ని తుడిచి, వెలుతురులో తిప్పి చూడండి. చదునుగా అణగిపోయినా, సన్నటి గీతలు పడినా మార్చేయాలి. దానికి పూసేది సిలికోన్ గ్రీజు అయి ఉండాలి. చేతికందిందని వ్యాజిలైన్ రాస్తే ఈపీడీఎం రబ్బరు ఉబ్బిపోతుంది.

శానిటైజర్‌తో పగుళ్లు

అక్రిలిక్ రిజర్వాయర్‌ని స్పిరిట్‌తోనో చేతుల శానిటైజర్‌తోనో తుడవకండి. ఆల్కహాల్ తగిలితే, ముఖ్యంగా మరలు బిగించి ఒత్తిడి ఉన్న చోట్ల, దాని లోపల సాలెగూడులా సన్నటి పగుళ్లు పుడతాయి. సబ్బు నీళ్లు, మెత్తటి గుడ్డ చాలు. ప్రాసెసర్ మీది పాత థర్మల్ పేస్టు తుడవడానికైతే ఆ ఆల్కహాలే సరైనది.

థర్మల్ పేస్టు బదులు ద్రవ లోహం వాడేవాళ్లకు ఒక హెచ్చరిక. అందులో ప్రధానమైనది గాలియం, 29.76 డిగ్రీలకే కరుగుతుంది. ప్లేస్టేషన్ 5లో ఉన్నది ద్రవ లోహమే. అల్యూమినియం మీద ఒక్క బొట్టు పడినా గాలియం దాని కణాల మధ్యకి చొరబడి పెళుసుగా మార్చేస్తుంది. దానికి నికెల్ పూత పలకే సరైన జోడీ.

రేడియేటర్ దుమ్ము

వంటింటి తిరగమోత ఆవిరి, దోమల కాయిల్ పొగ, అగరుబత్తి పొగ తగిలే గదిలో రేడియేటర్ మీద చేరే దుమ్ము పొడిగా ఉండదు, జిడ్డుగా అతుక్కుంటుంది. ఫ్యాన్ గాలి ఎటు వీస్తుందో దానికి ఎదురు వైపునుంచి బ్లోయర్ కొట్టాలి. అదే వైపునుంచి కొడితే దుమ్ము రెక్కల లోతుకి పోయి కూర్చుంటుంది. ఫ్యాన్ రెక్కని వేలితో పట్టుకోవడం మరవొద్దు. వదిలేస్తే బ్లోయర్ దాన్ని తట్టుకోలేని వేగంతో తిప్పుతుంది, బేరింగు దెబ్బతింటుంది. తిరిగే ఫ్యాను చిన్న జనరేటరు కూడా అయి మదర్‌బోర్డు వైపు కరెంటు తోస్తుంది.

కొత్త రేడియేటర్ లోపల కూడా మురికే ఉంటుంది. అతుకులు వేసేటప్పుడు వాడిన ఫ్లక్స్, లోహపు రజను. డిస్టిల్డ్ వాటర్ కాచి పోసి, రెండు చివర్లూ మూసి బాగా ఊపి, తెల్ల గిన్నెలోకి వంచి చూడండి. నలకలు రావడం ఆగేదాకా అలా చేయాల్సిందే.

మంచు ముక్కలు, మే నెల

నీళ్లతో ఎంత చల్లబరిచినా అవి గది ఉష్ణోగ్రత కిందికి దిగవు. రెంటచింతలలో మే నెల మధ్యాహ్నం ఏసీ లేని గదిలో 42 డిగ్రీలుంటే లూపులో నీళ్లు అంతకు పైనే. పంపుకి తయారీదారు ఇచ్చిన హద్దు 60 డిగ్రీలు, పీఈటీజీ గొట్టాలు మెత్తబడటం మొదలయ్యేదీ అంతకు కాస్త పైనే. దుమ్ము పట్టిన రేడియేటర్‌తో వేసవిలోకి అడుగు పెట్టడం ప్రమాదమనేది అందుకే. శుభ్రం చేసే పని ఫిబ్రవరిలో పెట్టుకోండి.

రిజర్వాయర్‌లో ఐసు ముక్కలు వేద్దామన్న ఆలోచన కొందరికి వస్తుంది. విశాఖలో వానాకాలపు రోజున 30 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం ఉంటే 26 డిగ్రీల కన్నా చల్లగా ఉన్న ప్రతి వస్తువు మీదా నీటి బిందువులు పడతాయి. లూపు ఎక్కడా కారకుండానే మదర్‌బోర్డు తడిసిపోతుంది.

పెద్ద యంత్రాల కాలం నుంచి

నీళ్ల చల్లదనం ఇంటికి రాకముందే పెద్ద కంప్యూటర్లకు తెలుసు. ఐబీఎం 1980లో ప్రకటించిన 3081 యంత్రంలో చిప్పుల మీద చిన్న చిన్న పిస్టన్లు ఆనేవి, వాటి పైన చల్లటి నీళ్లు పారేవి. 1985లో వచ్చిన క్రే-2లో సర్క్యూట్లన్నీ ఫ్లోరినర్ట్ అనే ద్రవంలోనే మునిగి ఉండేవి. ఇళ్లలో సొంతంగా మొదలుపెట్టిన తొలితరం కుర్రాళ్లకు దొరికింది కారు హీటరు రేడియేటర్, చేపల తొట్టి పంపు. 2004లో ఆపిల్ పవర్ మ్యాక్ జీ5 రకాల్లో ఒకదాన్ని ద్రవంతో చల్లబరిచి నేరుగా కొట్లో అమ్మకానికి పెట్టింది.

సీలు వేసినా ఆవిరి ఆగదు

ఏఐఓ కూలర్లు పైకి ఎక్కడా కారకపోయినా ఏళ్లు గడిచేకొద్దీ లోపలి నీళ్లు తగ్గుతాయి. రబ్బరు ట్యూబు గోడలోంచే నీటి అణువులు మెల్లగా బయటికి పోతాయి. ఆ ఖాళీలో గాలి చేరి లూపులో అన్నిటికన్నా ఎత్తయిన చోటికి పోతుంది. పంపు ఎత్తున, రేడియేటర్ కింద ఉండేలా బిగిస్తే ఆ గాలి పంపులోకే వస్తుంది. గలగల శబ్దం ముందు, పంపు అరుగుదల వెనక. రేడియేటర్ పై అంచు పంపు కన్నా ఎత్తులో ఉండాలన్న ఒక్క నియమం పాటిస్తే ఏఐఓకి సగం సేవ చేసినట్టే.

2022లో ఆర్కిటిక్ కంపెనీ తన కొన్ని కూలర్లలో రబ్బరు సీలు రాగి పలకని తినేస్తోందని తనే ప్రకటించి, మార్చుకోవడానికి కొత్త సీలూ పరికరాలూ ఉచితంగా పంపింది. రబ్బరును గట్టిపరిచేటప్పుడు మిగిలిపోయిన గంధకం రాగితో కలవడం దానికి కారణం.

పంపు ఒక్కటే నడవాలి

శుభ్రం చేసి మళ్లీ బిగించాక మొదటిసారి నింపేటప్పుడు మదర్‌బోర్డుకి, గ్రాఫిక్స్ కార్డుకి, డ్రైవులకి వెళ్లే కరెంటు వైర్లన్నీ ఊడదీసి, పంపుకి మాత్రమే ఉంచాలి. సాధారణ పవర్ సప్లైకి ఉండే 24 పిన్నుల కనెక్టరులో ఆకుపచ్చ వైరుని ఒక నల్ల వైరుతో కలిపితే మదర్‌బోర్డు లేకుండానే అది ఆన్ అవుతుంది. అన్ని వైర్లూ నల్లగానే ఉండే రకాల్లో రంగు నమ్ముకోకుండా ఇందుకోసం అమ్మే చిన్న ప్లగ్గు వాడటం మేలు. ప్రతి ఫిట్టింగు కింద తెల్లటి టిష్యూ మడిచి పెట్టి ఒక పూర్తి రోజు వదిలేయండి. చుక్క పడితే టిష్యూ ముడుచుకుపోయి కనిపిస్తుంది. నీళ్లకు ముందే చేతిపంపుతో అర బార్ గాలి ఎక్కించి, ముల్లు దిగుతుందేమో చూసే పరికరాలు కూడా వచ్చాయి. తడి తగలకుండానే లీకు తెలిసిపోతుంది కాబట్టి ఆ పరికరం మీద పెట్టే డబ్బు నా దృష్టిలో లూపు మొత్తం మీద పెట్టే ఖర్చులో సార్థకమైనది.

నడుస్తుండగా కారితే ముందు గోడ స్విచ్చి ఆపాలి. టిష్యూతో అద్ది, భాగాలు విప్పి, ఫ్యాను కింద రెండు మూడు రోజులు ఆరనివ్వాలి. బియ్యంలో పాతిపెడితే దుమ్ము అంటుకోవడం తప్ప ఒరిగేది లేదు.

తీసేసిన కూలెంటు

కొన్ని కూలెంట్లలో ఇథిలీన్ గ్లైకాల్ ఉంటుంది. రుచికి తియ్యగా ఉండే విషం అది. కుక్కలూ పిల్లులూ ఇష్టంగా నాకుతాయి, కొద్ది మోతాదుకే మూత్రపిండాలు చెడి చనిపోతాయి. సీసా మీద ప్రొపిలీన్ గ్లైకాల్ అని ఉంటే ఆ ప్రమాదం చాలా తక్కువ. అసలు గడ్డకట్టకుండా కాపాడే మోతాదులో ఏ గ్లైకాల్‌తోనూ మన వాతావరణానికి అవసరం లేదు. లూపులోంచి తీసిన పాత ద్రవాన్ని మూత ఉన్న సీసాలో పోసి, పేరు రాసి, పిల్లలకు అందని చోట పెట్టండి. మంచినీళ్ల సీసాలో మాత్రం పోయకండి. వాకిట్లోనో మొక్కల పాదుల్లోనో పారబోయకండి. మీ ఊళ్లో ప్రమాదకర వ్యర్థాలు తీసుకునే చోటుంటే అక్కడికి చేర్చండి.